నిన్నటి పులుసు దొరికే మెస్

మాయాబందర్ జెట్టీ దిగి పైకి వచ్చే మలుపులో మా అమ్మ మెస్ ఉండేది. ఎంత పెద్దదంటే, అందులో రెండు బెంచీలు పట్టేవి. మూడోది వేయాలంటే గోడనైనా పడగొట్టాలి, తినేవాళ్ళనైనా ఒకరి మీద ఒకరిని పేర్చాలి. పొయ్యి మీది మట్టికుండ మాత్రం నిజంగానే పెద్దది. మాయాబందర్‌లో ఏడాదంతా కురిసే వాన అందులో పట్టేసి, ఇంకా నాలుగు చేపలు ఈదుకోవడానికి చోటు మిగిలేది. పెంచి చెబుతున్నానని అనుకునేవాళ్ళు దాన్ని ఒక్కసారి తోమి చూడాల్సింది. నేను తోమాను.

ఆ కుండని అమ్మ మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. స్వతంత్రం వచ్చాక ఈ దీవుల్లో జనాన్ని దింపుతున్న రోజుల్లో మా నాన్న ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపలు పట్టడానికి వచ్చాడు. అడవి నరికినవాళ్ళకి సర్కారు పొలాలిచ్చింది. మావాళ్ళకి సముద్రం ఇచ్చింది. దానికి పట్టా లేదు, కొలతలు లేవు, గట్టు తగాదాలు లేవు. కాస్త నిలదొక్కుకున్నాక వెళ్ళి పెళ్ళి చేసుకుని అమ్మను తీసుకొచ్చాడు. ఓడ ఊగినంత సేపూ అమ్మ వాంతులు చేసుకుంటూనే ఉందట, కుండని మాత్రం కింద పెట్టలేదట. ఓడ మునిగితే అందరూ పడవల కోసం చూసుకునేవాళ్ళు, నేను కుండెక్కి కూర్చునేదాన్ని అని ఆవిడే చెప్పేది.

ఆ కుండలో చేపల పులుసు తయారయ్యేది. మావాళ్ళకో పట్టింపు ఉంది. వండిన రోజు పులుసు తినరు. వాళ్ళ దృష్టిలో అది ఇంకా పులుసు కాదు. చేప, చింతపండు, కారం ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని దశ అది. సాయంత్రం దించి, మూత పెట్టి, పొయ్యి పక్కన వదిలేస్తే తెల్లారేసరికి మూడూ రాజీపడతాయి. వేట నుంచి ఒడ్డుకొచ్చిన పడవలవాళ్ళు తడిబట్టలతోనే వచ్చి, చల్లన్నంలో ఆ నిన్నటి పులుసు పోయించుకుని తినేవారు. ఎవరైనా కొత్తవాడు వేడివేడిగా కావాలంటే అమ్మ వాడిని జాలిగా చూసేది, పచ్చి మామిడికాయ కొరికేవాడిని చూసినట్టు.

నేను చెప్పబోయేది నాన్న పోయిన తర్వాతి ఏడాది సంగతి. జ్వరం వచ్చింది, పోయాడు. ప్రపంచంలో దేన్నయినా పెంచి చెప్పగలను గానీ దీన్ని పెంచడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

ఆ తర్వాత మా ఇద్దరికీ ఏదీ తగలడం మానేసింది. పొయ్యి దగ్గర చెయ్యి కాలితే అమ్మ దానివైపు చూసి, "కాలింది" అనేది, బియ్యం అయిపోయాయి అన్నంత మామూలుగా. నాకు ఇరవై ఏళ్ళుంటాయి. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి నన్ను పట్టుకుని ఏడుస్తుంటే, వాళ్ళ చీర తడిగా ఉందే, ఆరేసుకోకుండా కట్టుకొచ్చారేమో అని ఆలోచించేదాన్ని. ఏడుపు రాలేదు. పొద్దున్నే లేచి కుండ తోమేదాన్ని.

మెయిన్‌ల్యాండ్‌లో ఉన్న మా మామ కబురు పంపాడు. మెస్ నడవకపోతే ఇద్దరూ వచ్చేయండి, ఇంత కూడు మేం పెట్టలేమా అని. మంచి మాటే. దాని అర్థం అమ్మకు తెలుసు. వాళ్ళింట్లో, మా అత్త పొయ్యి దగ్గర, రెండో మనిషిగా మిగతా బతుకంతా వెళ్ళిపోతుంది. ఉల్లిపాయలు ఎంత సన్నగా తరగాలో ఇంకొకరు చెబుతారు. మెస్ నిలిస్తే అమ్మ అమ్మగానే ఉంటుంది. లేకపోతే ఓడెక్కాలి.

సరిగ్గా అప్పుడే మా ఎదురుగా పరోటా హోటల్ వెలిసింది.

దానికి ట్యూబ్‌లైటు ఉంది. అది వెలిగితే సముద్రంలో పడవలు దారి తప్పి ఇటు వచ్చేస్తాయేమో అన్నంత వెలుగు. దానికి బోర్డు ఉంది. బోర్డు కింద ఇంకో చిన్న బోర్డు, పార్సెల్ మిలేగా, పొట్లం కట్టి ఇస్తాం అని. మాయాబందర్‌లో అప్పటిదాకా జనం కూర్చుని తినేవారు. మరోలా తినొచ్చని ఎవరికీ తట్టలేదు. ఆ బోర్డు వచ్చిన వారంలో కూర్చుని తినడం పనీపాటా లేనివాళ్ళ లక్షణమైపోయింది. చేతిలో కాగితం పొట్లం ఉన్న మనిషి నడకే వేరు. అతని కోసం ఎక్కడో ఎవరో ఎదురు చూస్తున్నట్టు, అతను లేకపోతే ఏదో ఆఫీసు ఆగిపోతుందన్నట్టు నడుస్తాడు. మా దగ్గర తినే గుమాస్తాలు, కూలీలు, దుకాణాలవాళ్ళు అందరూ ఆ నడక నేర్చుకున్నారు. పొట్లం పట్టుకుని గబగబా జెట్టీ దాకా వెళ్ళి, అక్కడ గట్టు మీద తాపీగా కూర్చుని విప్పుకుని తినేవారు. మా బెంచీ మీద అయితే వీపుకి గోడ అయినా ఉండేది.

మా బెంచీలు ఖాళీ పడ్డాయి. తెల్లవారుజామున పడవలవాళ్ళు తప్ప మనిషి లేడు. అమ్మ నాలుగు రోజులు ఎదురు బోర్డు వంక చూసింది. ఆవిడకి ఏ భాషా చదవడం రాదు కాబట్టి, చూడటమే.

"ఒలే, మనకీ ఓ బోర్డు కావాల" అంది అయిదో రోజు.

"ఏటి రాయిద్దామమ్మా?"

"ఏటుందో అదే. నిన్నటి పులుసు అని రాయించు. ఆడికి నిన్నటి పరోటా ఉంటదేటి? పొద్దున్న కాల్సింది సందేలకే సెప్పయిపోద్ది. మనది అలాక్కాదు కదా."

ఆ లెక్కలో నాకు తప్పేమీ కనపడలేదు. నాకే కాదు, మా వీధిలో ఎవరికీ కనపడలేదు. పాత బియ్యం, పాత చింతపండు, ఒకరోజు పాత పులుసు. గొప్పలు చెప్పుకోవడానికి మావాళ్ళకి ఇంతకంటే ఏముంటాయి?

జెట్టీ దగ్గర పడవలకి నంబర్లు రాసే పెయింటర్ వచ్చాడు. హిందీలో రాయమన్నాం, ఎందుకంటే ఓడ దిగేవాళ్ళందరికీ వచ్చేది అదే. ఏక్ దిన్ పురానా మచ్ఛీ కరీ, అంటే ఒకరోజు పాత చేపల కూర. అతను కుంచె గాల్లో పట్టుకుని ఆగిపోయాడు.

"దీదీ, పక్కా? ఏక్ దిన్ పురానా? లోగ్ భాగ్ జాయేగా." జనం పారిపోతారట.

"భాగేగా క్యూఁ? ఆయేగా! తుమ్ లిఖో భయ్యా, బడా బడా లిఖో." పారిపోవడమేంటి, వస్తారు, పెద్దపెద్దగా రాయమని అమ్మ. నావైపు తిరిగి, "ఈడికేటి తెలుసే, గోడలకి సున్నాలేసుకునేటోడికి" అంది.

బడా బడా రాశాడు. ఆ అక్షరాలు పడవలో వెళ్ళేవాళ్ళకి తెలియాలన్నట్టు, ఆ పక్క దీవిలో ఉన్న మొసళ్ళకి కూడా తెలియాలన్నట్టు. చివర ఒక చేప బొమ్మ వేశాడు. దానికి కన్ను మూసేశాడు. చేపకి రెప్పలుండవని ఆ జెట్టీ మీద పుట్టి పెరిగిన అతనికి తెలియదా? తెలుసు. అయినా మూశాడు.

ఓడ వచ్చిన రోజు మేం తలుపులు రెండూ బార్లా తీసి నిలబడ్డాం. జనం మలుపు తిరిగారు, బోర్డు చూశారు, ఆగారు. ఒకాయన పైకి చదివాడు. పక్కనున్న ఆవిడ, మా పొయ్యికి అంత దూరంలో ఉండి కూడా, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పిల్లలు పకపకా నవ్వారు.

"సూడవే, ఎంత సంతోసంగా సదువుతన్నారో" అంది అమ్మ.

సంతోషంగా చదివి, అందరూ రోడ్డు దాటి పరోటాలకి వెళ్ళారు. వాళ్ళ వెనక వచ్చినవాళ్ళూ అంతే. ఆ రోజు మా మెస్‌కి ఒకే ఒక్క ప్రయాణికుడు వచ్చాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళాడు.

"ఆకలి నేదేమో ఆళ్ళకి" అంది అమ్మ. అని, పొయ్యి ముందు కూర్చుని బూడిద ఎత్తడం మొదలుపెట్టింది. మామ ఇంటి సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. అక్కడికి వెళ్తే వెళ్తాం, అంతే కదా అనిపించింది నాకు. ఆ మాట కూడా ఎవరో ఎవరి గురించో అనుకున్నట్టు అనిపించింది.

ఆ వారంలోనే బడాబాబు వచ్చాడు. ఊళ్ళో ఒక ఆఫీసుకి బదిలీ మీద కొత్తగా వచ్చిన పెద్ద గుమాస్తా ఆయన. ఆయన పొట్ట ఆయన కంటే ముందు గుమ్మం దాటేది. కాసేపు అది ఒక్కతే వచ్చిందేమో అని చూసేవాళ్ళం, తర్వాత ఆయన వచ్చేవాడు. రోడ్డు వేయడానికి కొలతలు తీసే మనుషుల క్యాంపు ఒకటి అడవి వారగా దిగిందనీ, వానలు మళ్ళీ మొదలయ్యే దాకా రోజూ మధ్యాహ్నం వాళ్ళకి భోజనం పార్సెల్ కావాలనీ చెప్పాడు. పరోటాలతో వాళ్ళకి విసుగొచ్చింది. అన్నం కావాలట. జీపు వచ్చి తీసుకెళ్తుందట.

అమ్మ తల ఎత్తింది. నాన్న పోయాక ఆవిడ తల అంత తొందరగా ఎత్తడం నేను చూడలేదు.

"లేకిన్ దీదీ," అని ఆయన వేలు బయటికి చూపించాడు, "యే బోర్డ్ ఉతారో. బాసీ ఖానా కౌన్ ఖాయేగా? ముఝే తాజా చాహియే. ఏక్‌దమ్ తాజా." ఆ బోర్డు దించేయండి, పాచికూడు ఎవరు తింటారు, అప్పటికప్పుడు వండింది కావాలి అని. పైగా అది పరీక్ష. రేపు ఒక క్యారియర్ పంపితే క్యాంపు పెద్దాయన రుచి చూస్తాడు. నచ్చితే రోజూ. నచ్చకపోతే పరోటావాడే అన్నం వండటం నేర్చుకుంటానని అంటున్నాడు.

ఆయన వెళ్ళాక అమ్మ చాలాసేపు కుండ వంక చూసింది.

మర్నాడు పొద్దున్నే వంజరం ముక్కలు కోసి, చిన్న దాకలో అప్పటికప్పుడు పులుసు పెట్టింది. దించింది. చేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుంది. ఆవిడ మొహం చూస్తే, ఎవరో ఆవిడని నడిబజారులో పేరు పెట్టి తిట్టినట్టుంది.

"ఇది పంపితే ఆళ్ళు మనల్ని మనుసులనుకుంటారేటే?"

"ఆళ్ళు తాజా అడిగారమ్మా."

"ఆళ్ళకేటి తెలుసు? ఆకలేసినోడికి మంచిది ఎట్టాల గానీ అడిగింది ఎడతామేటి?"

దాక పక్కకి జరిపేసింది. కుండ మూత తీసి, నిన్నటి పులుసు, దగ్గరపడి, నూనె పైకి తేలి, గడ్డకట్టినట్టున్నదాన్ని గరిటెతో తీసి క్యారియర్‌లో సర్దింది. వేడి చేసింది. అదొక్కటే ఆవిడ వాళ్ళకి చేసిన మర్యాద. అన్నం అరిటాకులో కట్టి, పైన న్యూస్‌పేపర్ చుట్టాను నేను. ఆ పేపర్ ఓడలో వచ్చేసరికే రెండు వారాల పాతది. అందులో వార్తలన్నీ బాసీ. దాని మీద ఎవ్వరూ ఫిర్యాదు చేయలేదు.

జీపు వచ్చి క్యారియర్ తీసుకెళ్ళింది. ఆ మధ్యాహ్నం ఎంత పొడుగ్గా ఉందంటే, ఆ ఎండలో చేపలు ఎండేసి, తీసి, అమ్మేసి, ఆ డబ్బుతో కొత్త వల కొనుక్కోవచ్చు. అమ్మ మాత్రం గోడకి ఆనుకుని ఉల్లిపాయలు వొలుస్తూ కూర్చుంది. "నచ్చకపోతే ఓడెప్పుడే?" అని ఒక్కసారి అడిగింది. చెప్పాను. మళ్ళీ వొలిచింది.

సాయంత్రం బడాబాబు పొట్ట వచ్చింది. వెనకే ఆయన. ఖాళీ క్యారియర్ ఊపుకుంటూ, మొహమంతా నవ్వు.

"దేఖా దీదీ? దేఖా? సాబ్ నే ఉంగ్లీ చాట్ లీ! మైఁనే క్యా బోలా థా? తాజా కా బాత్ హీ అలగ్ హై!"

సాహెబు వేళ్ళు నాకాడట. తాజాదాని దారే వేరట.

అమ్మ నోరు తెరిచింది. నాకు ఆ నోరు తెలుసు. కల్లుకొట్టు దగ్గర ఎవడో తన పులుసుని వేడివేడిది అన్నాడని విని, వాడి ఇంటికెళ్ళి, వాడి పెళ్ళాం ముందు నిలబడి కాదని చెప్పొచ్చిన నోరది. ఆ నోట్లో ఇప్పుడు ఒక్కటే మాట ఉంది. కల్ కా హై, నిన్నటిది అని. అది బయటికి వస్తే క్యాంపు పోతుంది, జీపు పోతుంది, మేం ఓడెక్కుతాం. నేను ఆవిడని చూస్తున్నాను. ఏమంటే బాగుండునో నాకే తెలియలేదు. బాగుండటం ఎలా ఉంటుందో మర్చిపోయి అప్పటికి చాలా నెలలైంది.

"హాఁ, భయ్యా" అంది అమ్మ.

ఆ ఒక్క మాట బయటికి రావడానికి పట్టిన సేపట్లో ఒక ఓడ వచ్చి, సరుకు దింపుకుని, వెళ్ళిపోయి ఉండొచ్చు. బడాబాబు మాత్రం గమనించలేదు. మర్నాటి నుంచి ఎన్ని పార్సెళ్ళో చెప్పి, పొట్ట తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పెయింటర్ మళ్ళీ వచ్చాడు. పాత మాటలు చెరిపి తాజా అని రాశాడు. చేపకి కన్ను తెరిచాడు. ఇంత తెరిచాడు, అది ఏదో చూడకూడనిది చూసినట్టుంది.

చిక్కు తెల్లవారుజామున వచ్చింది. నాన్నతో ఒకే పడవలో వేటకెళ్ళే ఒకాయన ఉండేవాడు. అమ్మ ఆయన్ని మరిదీ అనేది, నేను చిన్నాన్నా అనేదాన్ని. మిగతా పడవలవాళ్ళని వెనకేసుకుని గుమ్మం బయటే నిలబడిపోయాడు. బోర్డు ఎవరో చదివి చెప్పారట.

"ఏటొదినా, తాజా అంటన్నారు? బాబుల కూడు వొండేత్తన్నావా?"

"లోపలికి రా ముందు."

"రాను. ఇయ్యాల వొండింది నానెందుకు తింతాను? నాకేటి జొరవొచ్చిందా?"

అమ్మ అటూ ఇటూ చూసి, దొంగసారా అమ్మేవాళ్ళలా గొంతు తగ్గించింది. "నిన్నటిదే. అరవకు."

ఆ రోజు నుంచి మా మెస్‌లో నిన్నటి పులుసు చాటుగా నడిచింది. పడవలవాళ్ళు వచ్చి బొటనవేలు భుజం వెనక్కి చూపించేవారు. అంటే నిన్నటిది అని. అమ్మ కళ్ళతోనే ఊఁ అనేది. తిని, మూతి తుడుచుకుని, ఏ పాపమూ ఎరగనట్టు "తాజా, తాజా" అని అరుచుకుంటూ వెళ్ళేవారు. అదే కుండలోది జీపెక్కి వెళ్ళి, క్యాంపులో తాజా అయ్యేది. అందరూ సంతోషంగా ఉన్నారు. అలాగే సాగుతుందనుకున్నాం.

కానీ పార్సెల్ అనేది పెరిగే జబ్బు. క్యాంపువాళ్ళు తిని ఊళ్ళో చెప్పారు. బడాబాబు ఆఫీసువాళ్ళు అడిగారు. పక్క ఆఫీసువాళ్ళు, తమకి లేకపోతే అవమానమని అడిగారు. క్వార్టర్స్‌లో ఉండే ఆడవాళ్ళు ఇంటికి చుట్టాలొస్తే డబ్బాలు పంపడం మొదలుపెట్టారు. కుండ చాలలేదు. ఇంకో కుండ కొందామంటే, ఈ దీవుల్లో అలాంటి కుండ చేసేవాళ్ళు లేరు. మెయిన్‌ల్యాండ్ నుంచి తెప్పించిన రెండూ ఓడలోనే పగిలాయి. వాటిని ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు ఎవరూ లేకపోయారు. చివరికి పెద్ద సత్తు గిన్నెలు కొన్నాం. సత్తు గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా ఉంచితే చేదెక్కి, గిన్నె నల్లబడుతుంది. అందులోది ఏ రోజుది ఆ రోజే తీసేయాలి.

తర్వాత కోరికలు మొదలయ్యాయి. ఒకరికి పులుపు తగ్గించాలి. ఇంకొకరికి కారం తగ్గించాలి. పులుసులో ఆలూ లేకపోతే అది కూరెలా అవుతుందని ఒక బాబు నిజంగానే బాధపడ్డాడు. కొంచెం చక్కెర వేసి చూడమని ఒకావిడ పనిగట్టుకుని వచ్చి చెప్పింది. అమ్మ ఆలూ వేసింది. పులుపు తగ్గించింది. చక్కెర దగ్గర మాత్రం చెయ్యి ఆగింది కాసేపు. వేసింది. దించి రుచి చూడటం కూడా మానేసింది.

"బాగుందేటమ్మా?" అని అడిగితే, "ఆళ్ళకి బాగుంటాది" అనేది.

మట్టికుండలోది కూడా మధ్యాహ్నం పార్సెళ్ళకే పోయేది. సాయంత్రం అడుగున ఏదైనా మిగిలితే అమ్మ ఒక చిన్న ముంతలోకి తీసి పడవలవాళ్ళ కోసం దాచేది. మొదట్లో అందరికీ సరిపోయేది. తర్వాత ముందొచ్చినవాళ్ళకి. తర్వాత ఒక్క చిన్నాన్నకి. ఆ మధ్యలో మామ మళ్ళీ కబురు పంపాడు. మెస్ బాగా నడుస్తోంది, రావడం కుదరదు అని ఓడ మీద వెళ్ళేవాళ్ళతో అమ్మ చెప్పి పంపింది. చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో సంతోషం ఉందేమోనని వెతికాను. చెమట ఉంది.

ఒక రోజు బడాబాబు పరుగున వచ్చాడు. పైనుంచి సాహెబులెవరో వచ్చారట, పదిమందికి అదనంగా కావాలట. అమ్మ ముంత కూడా వంచేసింది.

మర్నాడు తెల్లవారుజామున చిన్నాన్న ఒక్కడే వచ్చాడు. మిగతావాళ్ళు అప్పటికే ఎదురు హోటల్లో కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. వల లాగిన ఆయన చేతులు ఉప్పు పట్టి తెల్లగా ఉన్నాయి.

"ఒదినా, నిన్నటిది ఏటైనా మిగిలిందా?"

"నేదు మరిదీ."

"సుక్క కూడానా?"

"సుక్క కూడా. ఇప్పుడే దించాను, యేడిగా ఉంది. తింతావా?"

చిన్నాన్న గిన్నెలోకి తొంగి చూశాడు. ఆలూ ముక్కలు కనపడ్డాయి. మర్యాదగా వెనక్కి జరిగాడు.

"వొద్దులే ఒదినా. కడుపులో బాగునేదు ఇయ్యాల."

"పోనీ టీ ఎట్టమంటావా?"

"పోతాన్లే. నీకు పని తెమలదు."

కడుపు బాగాలేని మనిషి రోడ్డు దాటి, ట్యూబ్‌లైటు కింద కూర్చుని, తెలుగువాడెవడూ ఇంతవరకు తిననన్ని పరోటాలు తిన్నాడు. మా గుమ్మంలోంచి అంతా కనపడుతూనే ఉంది. ఆయన మావైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

"మీ అయ్య ఉంటే ఈయన పక్కనే కూకుండును" అంది అమ్మ.

"ఎక్కడ? ఇక్కడా, అక్కడా?"

అమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"తెలీదే" అంది. తర్వాత నా చేతిలోని డబ్బా వంక చూసి, "మూత బాగా నొక్కు, కారతంది. జీపొచ్చే యేళయింది" అంది.

నొక్కాను.